కామ్ ఒక్కటి మారిస్తే సరిపోదు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పెన్షన్ గురించి ఒకరు, బి.పి., షుగర్ గురించి ఒకరు మాట్లాడుతున్నారు. నువ్వు వేరే ఏదైనా మాట్లాడు" అని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నాకు వచ్చిన విద్య ఒక్కటే. ముప్పై అయిదేళ్ళు పానా పట్టుకుని బతికినవాణ్ణి. అంచేత ఇంజన్ గురించే మాట్లాడతాను. ఆడవాళ్ళు, పిల్లలు విసుక్కోవద్దు. ఇది సగం ఇంజన్ కథ, సగం మా ఇంటి కథ.

పోయిన ఏడాది మా అన్న మనుమడు మా ఇంటికి వచ్చాడు. నాచుపల్లి ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. మా అన్న నడిపిన 1979 నాటి అంబాసిడర్ కారు కోరుట్లలో రేకుల షెడ్డు కింద ఏళ్ళ తరబడి పడి ఉన్నది. దాన్ని బాగు చేసి, మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుండి ఉన్న రేసు ట్రాకు మీద ఒక్కసారైనా తిప్పాలని వాడి కోరిక. సంచిలోంచి నూనె కాగితంలో చుట్టిన ఒక కొత్త కామ్‌షాఫ్ట్ తీసి నా ముందు పెట్టాడు.

"చిన్నతాతా, ఇది రేసు కామ్. ఆదివారం ఇద్దరం కలిసి ఎక్కిద్దాం. ఒక్క పూట పని" అన్నాడు.

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. నా చెయ్యి వణికింది. వయసు వల్ల అనుకున్నాడు వాడు. కాదు. అచ్చం అలాంటి కామ్‌నే 1986లో అదే కారుకు, ఈ చేతులతోనే నేను ఎక్కించాను. ఆ సంగతి వాడికి తెలియదు.

కామ్ అంటే ఏమిటో ముందు సిరిసిల్ల వాళ్ళకు అర్థమయ్యేట్టు చెబుతాను. సాంచా చూడని వాళ్ళు మన సిరిసిల్లలో లేరు. సాంచాలో పైన క్రాంక్ షాఫ్ట్, కింద బాటమ్ షాఫ్ట్ ఉంటాయి. పైది రెండు చుట్లు తిరిగితే కిందిది ఒక చుట్టు తిరుగుతుంది. కింది దాని మీద ఉన్న ఉబ్బెత్తు చక్రమే వంతు వచ్చినప్పుడు కర్రను తన్ని నాడెను ఇటునుండి అటు విసురుతుంది. ఇంజన్లో కూడా అంతే. క్రాంకు రెండు చుట్లకు కామ్ ఒక చుట్టు. కామ్ మీది ఉబ్బు ట్యాపెట్‌ను లేపుతుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ను లేపుతుంది, పుష్‌రాడ్ రాకర్‌ను తోస్తుంది, రాకర్ వాల్వును నొక్కి తెరుస్తుంది. మళ్ళీ మూసేది స్ప్రింగు. ఎప్పుడు తెరవాలి, ఎంత ఎత్తు తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి అన్నది కామ్ చెబుతుంది. చెప్పిన మాట నెరవేర్చేది మాత్రం మిగతా సామానే.

మరి సాంచా స్పీడు పెంచాలని ఒక్క పుల్లీ మార్చిన ఆసామికి ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. నాడె పెట్టెలో ఆగక ఎగిరిపడుతుంది, పికర్లు పగులుతాయి, పోగులు తెగుతాయి. పుల్లీ మంచిదే. దాని వేగానికి తగ్గ సామాను లేదు, అంతే.

అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజన్ 1489 సి.సి.ది. అది ఇంగ్లండు బి.ఎం.సి. కంపెనీ బి-సిరీస్ ఇంజన్. అదే 1489 సి.సి. ఇంజన్ను ఆ కంపెనీ 1955లో ఎం.జి.ఏ. అనే స్పోర్ట్స్ కారులో పెట్టింది. మన అంబాసిడర్‌లో అది 50కి అటూ ఇటూ హార్స్‌పవర్ ఇస్తే, ఆ కారులో మొదట 68, తర్వాత 72 ఇచ్చింది. కుటుంబం ఒకటే, సిలిండర్ల కొలత ఒకటే. తేడా ఎక్కడిదంటే, వాళ్ళు ఏ ఒక్క సామానూ మార్చి ఊరుకోలేదు. వాల్వులు పెద్దవి, కార్బురేటర్లు రెండు, కంప్రెషన్ ఎక్కువ. అన్నీ ఒకదానికొకటి పొత్తు కుదిరేట్టు చేశారు. ఈ సంగతి 1986లో నాకు తెలియదు. తెలిసిందల్లా మద్రాసు షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద కార్ల పందేలు జరుగుతాయని, అక్కడ మన అంబాసిడర్లూ ఫియట్లూ పరిగెత్తుతాయని మాత్రమే.

అప్పుడు నేను జగిత్యాల డిపోలో మెకానిక్‌ను. మా అన్న ఆ అంబాసిడర్‌ను కోరుట్ల, జగిత్యాల మధ్య కిరాయికి తిప్పేవాడు. కారు మీద అప్పు ఉండేది. కొత్త జీపులు దాటేసి పోతుంటే, "మన బండి కొంచెం జోరందుకుంటే బాగుండు తమ్మీ" అని ఒకరోజు మాటవరసకు అన్నాడు. నాకు ఆ మాటే చాలయింది. మద్రాసులో ఉన్న ఒక మిత్రుడి ద్వారా పందెం కార్లకు వాడే కామ్ ఒకటి తెప్పించి, అన్న పెళ్ళికి పోయిన రెండు రోజుల్లో ఆయనకు చెప్పకుండా ఎక్కించేశాను. ఊరినుండి వచ్చి చూసి సంతోషపడతాడనుకున్నాను.

పాత ట్యాపెట్లే వేశాను. అవి చూడటానికి శుభ్రంగా ఉన్నాయి. నా మొదటి తప్పు అదే. మిత్రులారా, ప్రతి ట్యాపెట్ అడుగు దాని కింద తిరిగే ఉబ్బుతో రాసుకుని రాసుకుని దానికే అలవాటు పడిపోతుంది. ఏళ్ళ తరబడి కాపురం చేసిన జంట లాంటిది. పాత ట్యాపెట్‌ను కొత్త కామ్ మీద పెడితే రెండింటి ముఖాలు కలవవు. బరువంతా ఒక్క గీత మీద పడి ఉబ్బు అరగడం మొదలవుతుంది.

పది రోజులకు బండిలో టకటక శబ్దం వస్తోందన్నాడు అన్న. కవరు విప్పి చూస్తే ఒక వాల్వు దగ్గర సందు పెరిగింది. ఫీలర్ గేజ్ పెట్టి సరిచేశాను. వారానికి మళ్ళీ అదే వాల్వు, మళ్ళీ సందు. మళ్ళీ సరిచేశాను. అది నా రెండో తప్పు, మొదటి దానికన్నా పెద్దది. ఒకే చోట సందు మాటిమాటికి పెరుగుతోందంటే అడుగున ఏదో అరిగిపోతోందని అర్థం. డిపోలో బస్సుకైతే ఆ అనుమానం నాకు వచ్చేది. సొంత పని మీద వెర్రి మోజు ఉన్నవాడికి అనుమానం రాదు.

అరిగిన ఇనుప రజను ఎక్కడికి పోతుంది? నూనెలోకి. ఫిల్టరు కొంత పట్టింది, నిండిపోయింది. నిండిన ఫిల్టరును దాటవేసి మురికి నూనె నేరుగా బేరింగులకు చేరింది. ఒకరాత్రి కోరుట్ల నుండి పెళ్ళివాళ్ళను ఎక్కించుకుని జగిత్యాల వస్తుండగా, మేడిపల్లి దగ్గర బిగ్‌ఎండ్ బేరింగు పట్టేసి ఇంజన్ అక్కడికక్కడే నిలిచిపోయింది. చీకట్లో పెళ్ళివాళ్ళు రోడ్డు మీద నిలబడ్డారు. దేవుడి దయవల్ల వెనక మన ఆర్.టి.సి. బస్సు వచ్చి వాళ్ళను ఎక్కించుకున్నది. మా అన్న మాత్రం తెల్లారేదాకా బండి దగ్గరే కూర్చున్నాడు.

క్రాంకు గీతలు పడింది. కామ్ మీద రెండు ఉబ్బులు గుండ్రంగా అరిగిపోయాయి. మా వదిన పుస్తెలతాడు కుదువకు పోయింది. నేను సి.సి.ఎస్.లో లోను పెట్టి సగం ఖర్చు భరించాను. రెండు నెలలు బండి ఇంట్లో, అప్పు నెత్తి మీద. ఆయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. చాలా రోజుల తర్వాత ఒకసారి మాత్రం, "నువ్వు మంచికే చేసినవు తమ్మీ. గాని నన్నొక్క మాట అడగకపోతివి" అన్నాడు. 2011లో ఆయన పోయేదాకా ఆ మాట మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. నా లోపల మాత్రం రోజూ వస్తూనే ఉన్నది.

అందుకని మనుమడితో, "బిడ్డా, ఆదివారం కామ్ ఎక్కించేది లేదు. ఆదివారం కాగితం, కలం పట్టుకుని కూర్చుందాం" అన్నాను. వాడు ముఖం ముడుచుకున్నాడు. కథంతా చెప్పాక మాట్లాడకుండా కాగితం తెచ్చుకున్నాడు. మేము రాసుకున్న వరుస మీకూ చెబుతాను. మీ ఇళ్ళలో కూడా బండ్ల పిచ్చి ఉన్న మనుమలుంటారు కదా.

మొదటిది, బండి దేనికి? పెద్ద కామ్ వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఎక్కువ చుట్ల మీద ఇంజన్ బాగా ఊపిరి పీలుస్తుంది గాని, తక్కువ చుట్ల మీద బలం తగ్గుతుంది, నిలబెట్టినప్పుడు వణుకుతుంది, పెట్రోలు తాగుతుంది. మన డిపోల్లో కె.ఎం.పి.ఎల్. కోసం ఎంత తంటాలు పడేవాళ్ళమో మీకు గుర్తే. రోడ్డు బండికి 250 నుండి 270 డిగ్రీల కామ్ చాలు. 300 డిగ్రీలది పందేనికి తప్ప దేనికీ పనికిరాదు. వాడు తెచ్చింది 300కు దగ్గరగా ఉన్నది. దాన్ని తిరిగి ఇచ్చేసి మధ్యరకంది తెప్పించాం.

రెండోది, ట్యాపెట్లు. ఎనిమిదికి ఎనిమిది కొత్తవి. ఇందులో బేరం లేదు.

మూడోది, వాల్వు స్ప్రింగులు. ఇంజన్ 6,000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు నిమిషానికి 3,000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. స్ప్రింగు మెత్తబడితే వాల్వు కామ్ వెంట దిగిరాదు, గాలిలో తేలుతుంది. అప్పుడు పిస్టన్ దానికి తగిలే ప్రమాదం ఉంది. అలాగని మరీ గట్టి స్ప్రింగు వేస్తే కామ్‌నే తినేస్తుంది. కామ్ చేసినవాళ్ళు ఏ స్ప్రింగు చెప్పారో అదే వేయాలి. వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనకుండా కనీసం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల జాగా మిగలాలి. ఆనితే పుష్‌రాడ్ వంగుతుంది.

నాలుగోది, ఎత్తు లెక్క. ఈ ఇంజన్లో రాకర్ కామ్ ఎత్తును సుమారు 1.4 రెట్లు చేస్తుంది. కామ్ 6 మిల్లీమీటర్లు లేపితే వాల్వు 8.4 తెరుచుకుంటుంది. కాబట్టి వాల్వు మీది స్ప్రింగు టోపీ కింద గైడుకు తగలకూడదు, వాల్వు పిస్టన్‌కు తగలకూడదు. దీన్ని చూడటానికి పిల్లలు ఆడుకునే బంకమట్టి చాలు. పిస్టన్ మీద పరిచి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, అచ్చు పడినచోట మందం కొలవాలి. లోపలికి పీల్చే వాల్వుకు 2 మిల్లీమీటర్లు, పొగ వదిలే వాల్వుకు రెండున్నర ఉండటం మంచిది. లక్షలు పోసే ముందు పది రూపాయల మట్టి.

అయిదోది, టైమింగ్ చైను, పళ్ళ చక్రాలు. సాగిన చైను మీద కొత్త కామ్ పెడితే గడియారం ముల్లు వదులై ఉన్నట్టే. ఈ ఇంజన్లో నూనె పంపునూ, డిస్ట్రిబ్యూటరునూ కూడా తిప్పేది కామే. అందుకని వాటి గేర్ల పళ్ళు కూడా చూడాలి. పుష్‌రాడ్లను అద్దం మీద దొర్లించి వంకర ఉందేమో చూశాం. రెండు వంకరవి బయటపడ్డాయి. రాకర్ షాఫ్ట్ అరిగింది, మార్చాం.

ఆరోది, ఊపిరి. ముక్కు మూసి పరుగెత్తమంటే ఎవడూ పరుగెత్తలేడు. కార్బురేటర్‌ను కొత్త కామ్‌కు తగ్గట్టు సరిచేయాలి, సైలెన్సరు గొట్టం అడ్డు లేకుండా ఉండాలి, స్పార్క్ వచ్చే వేళ సవరించాలి. ఇవి చేయకుండా కామ్ మారిస్తే బండి మునుపటికన్నా మందంగా నడుస్తుంది. అప్పుడు కామ్‌ను తిడతారు.

ఏడోది, అన్నింటికన్నా ముఖ్యమైంది, బ్రేకులు, టైర్లు, స్టీరింగ్. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద మన బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. ఆ రోజు మనమంతా ఎలా ఉన్నామో నేను చెప్పనక్కరలేదు. అప్పటినుండి బండి ఎంత పోతుంది అని ఎవరైనా అంటే, ఎక్కడ ఆగుతుంది అని అడగకుండా ఉండలేను. మా పద్దులో కామ్ ఖరీదు కంటే బ్రేకుల ఖరీదు ఎక్కువైంది. నేను సంతోషించాను.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట చెప్పిన వాటికి భిన్నమయ్యేట్టు బండిని మార్చకూడదు. అందుకని రోడ్డెక్కే బండికి ఏం చేసినా ముందు రవాణా శాఖ ఆఫీసులో అడగాలి, ఇన్సూరెన్సు వాళ్ళకు చెప్పాలి. "అడగకపోతివి" అన్న మాట మా ఇంట్లో ఒకసారి విన్నాం, చాలు. మావాడు కాగితాలు పట్టుకుని వెళ్ళి అడిగి వచ్చాకనే హెడ్ విప్పాం.

పని ముగియడానికి నాలుగు నెలలు పట్టింది. వాడు శని, ఆదివారాలు వచ్చేవాడు. నేను స్టూలు మీద కూర్చుని చెబుతుంటే వాడు బిగించేవాడు. కామ్‌కూ, ట్యాపెట్ల అడుగుకూ దానికి వాడే చిక్కటి పేస్టు పూశాం. నూనె విషయంలో కూడా జాగ్రత్త పడ్డాం. ఇప్పటి కార్ల నూనెల్లో జింకు తగ్గించారు, ఇలాంటి పాతకాలం ట్యాపెట్లకు అది ఉన్న నూనే కావాలి. స్టార్టు చేసిన మొదటి ఇరవై నిమిషాలు ఇంజన్‌ను నిలకడ మీద వదలకూడదు. 2,000 నుండి 2,500 చుట్ల మధ్య పెంచుతూ తగ్గిస్తూ ఉంచాలి. కామ్ మీదికి నూనె చిమ్మేది ఆ వేగంలోనే. ఆ ఇరవై నిమిషాల్లోనే కామ్, ట్యాపెట్ ఒకదానికొకటి అలవాటు పడతాయి. లేదా ఒకదాన్నొకటి తింటాయి.

ఆ ఇరవై నిమిషాలు నేను గడియారం చూస్తూ ఉన్నాను. వాడు నన్ను చూస్తూ ఉన్నాడు. తర్వాత నూనె దింపి, ఫిల్టరు కోసి చూశాం. ఇనుప రజను లేదు. వందేసి కిలోమీటర్లకు ఒకసారి వాల్వుల సందులు కొలిచాం. మూడుసార్లు కొలిచినా కదలలేదు. మూడోసారి కొలిచాక లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

ఆ మరుసటి ఆదివారం కోరుట్ల నుండి జగిత్యాలకు బయల్దేరాం. మనుమడు స్టీరింగ్ మీద, పక్కన నేను, వెనక సీట్లో మా వదిన. ఆమెకు ఎనభై దాటాయి. మేడిపల్లి రాగానే, "ఇక్కడ ఒకసారి ఆపు" అన్నాను. వాడు రోడ్డు పక్కకు ఆపి ఇంజన్ బంద్ చేశాడు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. కొంచెం సేపయ్యాక వెనకనుండి వదిన, "ఇగ పోనియ్యి బిడ్డా, మీ తాత ఎదురుచూడడానికి ఇప్పుడు ఇక్కడ లేడు" అన్నది. వాడు తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క దెబ్బకు అందుకున్నది.

మిత్రులారా, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఇ కార్ల పందెం జరిగింది. అవి కరెంటు కార్లు. వాటిలో కామ్ లేదు, ట్యాపెట్ లేదు, వాల్వు లేదు. రేపు మన విద్య ఎవరికీ అవసరం లేకపోవచ్చు. కాని దాని వెనక ఉన్న బుద్ధి పాతబడదనుకుంటాను. కరెంటు బండికి కూడా పెద్ద మోటారు పెడితే బ్యాటరీ, తీగలు, బ్రేకులు దానికి తగ్గట్టు ఉండవద్దా?

మన ఒంటి సంగతీ అంతే. మోకాలు మార్పించుకున్న వాళ్ళు ఈ సభలో నలుగురైదుగురు ఉన్నారు. కొత్త మోకాలు వచ్చింది కదా అని మరునాడే మెట్లెక్కితే ఏమవుతుందో వాళ్ళనే అడగండి. చుట్టూ ఉన్న కండలకు నెలల తరబడి కసరత్తు చెయ్యాల్సిందే.

చివరగా రెండు మాటలు. మీ పిల్లలు ఏదో ఒకటి మారుద్దామని వచ్చి డబ్బు అడిగితే, వద్దని తోసిపుచ్చకండి, కళ్ళు మూసుకుని ఇవ్వనూ వద్దు. పూర్తి జాబితా రాయించండి. కామ్ ఖరీదు చెప్పేవాడు చాలామంది ఉంటారు, కామ్ వెంట రావలసిన సామాను ఖరీదు చెప్పేవాడే మనవాడు. ఇక పనిచేసే చేతులున్న యువకులకు నేను చెప్పేది ఒక్కటే. మంచి చేయబోతున్నా సరే, ఆ బండి ఎవరిదో ఆ మనిషిని ముందు ఒక్క మాట అడగండి. నాకు ఆ ఒక్క మాట అడగడానికి ఇంత కాలం పట్టింది. అడిగేసరికి అన్న లేడు. వదిననే అడిగాను.